కుర్చీలో కూర్చునే డ్యూటీ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. ఫోన్లో సిగ్నల్ పోతే కోపం, బ్యాలెన్స్ అయిపోతే కోపం, ఎవరైనా నింపాదిగా నడుస్తుంటే ఇంకా కోపం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని కదా, లోకమంతా నా స్పీడులోనే తిరగాలనుకునేదాన్ని. డిగ్రీ సెలవులకి తణుకులో పిన్ని వాళ్ళింటికొచ్చి, చేతిలో కొత్త సెల్‌ఫోనుతో (అది లేకపోతే అసలు చెయ్యే లేనట్టుండేది) చర్చి పనుల్లో తలదూర్చాను.

చర్చి ఆవరణలో పాత సండేస్కూల్ గదిని పిన్నీ, ఇంకొంతమందీ కలిసి కాఫీ గదిగా మార్చారు. ఆదివారం సాయంత్రం ఎవరైనా రావచ్చు, కాఫీ తాగి గుమ్మం దగ్గర డబ్బాలో తోచింది వేసి పోవచ్చు. చేసేవాళ్ళకి జీతాల్లేవు, వంతులే. ఆ వేసవిలో టైలర్ గారి పాప చిట్టికి చెవి మిషన్ కొనడానికని అక్కడ పాటల కచేరీ పెట్టారు. చిట్టికి సరిగ్గా వినపడదు, టీచర్ పెదాలు చూసి పాఠం పట్టుకునేది. మిషన్ లేకపోతే మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెడతామని బడివాళ్ళు చెప్పేశారు. రాజమండ్రి నుంచి గిటార్ల కుర్రాళ్ళు ఊరికే పాడతామన్నారు. ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటానన్నాను. కుర్చీలేయించాను, మైకు పెట్టించాను, కనిపించిన ప్రతివాళ్ళకీ "పాప కోసం తప్పకుండా రావాలి" అని చెప్పాను. అందరూ "అయ్యో, రాకపోతే ఎలాగమ్మా!" అన్నారు.

వచ్చారు కూడా. తీరా పాట మొదలయ్యే వేళకి కుర్చీల్లో చూస్తే ఒక్క మనిషి లేడు! వెనక వంటగదిలో మాత్రం కాలు పెట్టే చోటు లేదు. ఒకాయన పాలు కాస్తుంటే, ఆ గరిటె కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఒకే ట్రేని నలుగురు మోస్తున్నారు. రైసుమిల్లు మావయ్య గారు, ఊళ్ళో అంత పెద్దాయన, పంచె పైకి కట్టి గ్లాసులు తోముతున్నారు. (ఆయన తోమినవాటిని టీచరాంటీ మళ్ళీ తోముతోంది.) "పాప కోసం" అన్నాను కదా, అందరూ పని చెయ్యడానికొచ్చారన్నమాట! పక్కవాళ్ళు పని చేస్తుంటే తాము కుర్చీలో కూర్చోడం అక్కడ ఎవరికీ చేతకాదు.

"మావయ్య గారూ, మీరెళ్ళి కూర్చోండి, పాట మొదలెట్టాలి."

"అబ్బే, నేనెందుకమ్మా, ముందు వాళ్ళని కూర్చోమను. ఈ నాలుగు గ్లాసులూ అవనీ."

"ఆంటీ, పోనీ మీరు?"

"బాగానే ఉంది! ఆయనంతటాయన గ్లాసులు తోముతుంటే నేనెళ్ళి పాటలు వింటానా?"

గిటార్లవాళ్ళలో ఉంగరాల జుట్టబ్బాయి వంటగదిలోకి తొంగిచూసి, "ఏమండీ, మాకు మళ్ళీ రైలుందండి. వినేవాళ్ళు లేకపోతే బయల్దేరమంటారా?" అన్నాడు, పాపం, ఎంతో మర్యాదగా. నాకు తిక్క రేగింది. మైకు పుచ్చుకుని అరిచేశాను. "ఇది కచేరీనా, పెళ్ళివారి వంటశాలా? అందరూ గరిటెలు పట్టుకుంటే డబ్బాలో ఎవరేస్తారు? పాపకి మిషన్ ఎలా వస్తుంది?" టీచరాంటీ గబగబా వచ్చి, "గొంతెండిపోయుంటుంది తల్లీ, కాస్త కాఫీ తాగు" అని గ్లాసు నా చేతిలో పెట్టింది.

అప్పుడు పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఇవాళ డ్యూటీలు మార్చానండీ" అంది, గొంతు పెంచకుండానే, మావయ్య గారి వైపు తిరిగి. "అన్నయ్య గారూ, మీ డ్యూటీ ముందు వరసలో మధ్య కుర్చీ. లేవకూడదు. టీచరు గారూ, చప్పట్లు మీవి. ట్రే పట్టుకున్న నలుగురూ నాలుగు మూలలా కూర్చుని, పాట అవగానే ఇంకోటి పాడమనాలి."

క్షణంలో వంటగది ఖాళీ! ఎంత బాధ్యతగా కూర్చున్నారో చెప్పలేను. మావయ్య గారైతే ఫొటో తీయించుకుంటున్నట్టు నిటారుగా, రెప్ప కూడా వెయ్యకుండా. ఆంటీ పాట మధ్యలోనే రెండుసార్లు చప్పట్లు కొట్టేసింది. ఆ ఉత్సాహానికి కుర్రాళ్ళు రైలు సంగతే మర్చిపోయారు. చిట్టి స్పీకరు పెట్టెకి అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది.

చిక్కల్లా పాటల మధ్య విశ్రాంతిలో కాఫీ ఎవరివ్వాలన్నదే. అందరికీ డ్యూటీలున్నాయి, నాకు తప్ప. ఇన్‌స్టంట్ కాఫీ తప్ప ఎరగనిదాన్ని, ఫోన్లో ఫ్రెండుకి ఈ గోలంతా చెబుతూ, ఫిల్టరు పొడి నేరుగా పాలల్లో పోసి మరిగించేశాను. వడకట్టాలని కూడా తోచలేదు. మావయ్య గారు ఒక గుక్క తాగి, కాసేపు నమిలి, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు. పళ్ళ నిండా పొడి! నేను చిన్నబుచ్చుకుంటానని ఇంకో గ్లాసు కూడా అడిగారు. ఆయన అడిగాక మిగతావాళ్ళు ఊరుకుంటారా? అందరూ రెండో గ్లాసు తాగారు, తాగిన ప్రతిసారీ లేచెళ్ళి డబ్బాలో వేశారు. ఆ రోజు డబ్బా మూత పడలేదు. నేను తిట్టినవాళ్ళే నా కాఫీని నమిలి మింగి మరీ మెచ్చుకున్నారు. అలాంటి మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు.

బడి తెరిచే వారం మిషన్ వచ్చింది. గౌను జేబులో చిన్న పెట్టె, చెవిదాకా తీగ. ఆదివారం చిట్టి కాఫీ గదికొచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో మూల నుంచి "చిట్టీ" అని నెమ్మదిగా పిలుస్తుంటే, పిలిచిన ప్రతివైపుకీ తిరిగి నవ్వుతోంది. టైలర్ గారు కళ్ళు తుడుచుకోడానికి బయటికెళ్ళారు. సరిగ్గా అప్పుడే నేను కిటికీ దగ్గర నిలబడి, హైదరాబాద్ వెళ్ళే రైలు టికెట్ ఇంకా ఖాయం కాలేదని ఫోన్లో ఎవరిమీదో విరుచుకుపడుతున్నాను. చిట్టి నన్ను కాసేపు పరీక్షగా చూసింది. జేబులో పెట్టె మీద స్విచ్ వెతికి, టక్కున ఆపేసి, హాయిగా నవ్వింది.

గదంతా గొల్లున నవ్వింది, పిన్నితో సహా. ఇప్పటికీ ఫోన్లో నా గొంతు లేచిందంటే, స్విచ్ వెతుక్కుంటున్న ఆ చిన్న వేలే కళ్ళ ముందు కదులుతుంది. టక్కున ఆగిపోతాను. అవతలివాళ్ళు లైను కట్టయిందనుకుంటారు. నేను మాత్రం నవ్వుకుని మళ్ళీ మొదలెడతాను, ఈసారి కాస్త నెమ్మదిగా.