బాగాలేదని నేను చెప్పిన వాచీ

నా దగ్గర పదకొండు స్విస్ వాచీలున్నాయి. అన్నీ నాకంటే ముందు పుట్టినవే. కీ ఇస్తే తిరుగుతాయి, ఒక్కరోజు మరిచిపోతే అలుగుతాయి. పొద్దున్నే మొహం కడుక్కోగానే వరసగా అన్నిటికీ కీ ఇస్తాను. అందులోంచి ఒకదాన్ని ఎంచి చేతికి పెట్టుకుంటాను. తర్వాత ఆఫీసుకెళ్లి, టైం ఎంతయిందో ఫోన్‌లో చూసుకుంటాను. ఎందుకంటే ఈ పదకొండింట్లో ఏ రెండూ ఒకే టైం చూపించిన పాపాన పోలేదు.

హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్‌ని. ఫలానా తేదీకి పని అప్పజెబుతామని క్లయింటుకు మాటివ్వడం, ఆ తేదీ రాగానే ఇంకో తేదీ చెప్పడం నా వృత్తి. అటువంటివాడికి ఆలస్యంగా నడిచే వాచీలు నచ్చడంలో వింతేమీ లేదు. మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు. ఆమెదీ కడపే, నాదీ కడపే, కానీ వెటకారంలో ఆమె వాటా పెద్దది. “పదకొండు వాచీలు పెట్టుకోని పాపకు స్కూలు బస్సు తప్పించేటోడు ఈ అపార్ట్‌మెంటు మొత్తం మీద నువ్వొక్కడివే. సెల్లు వాచీ ఒకటి నేనే కొనిస్తా, దాన్ని చూసి వీటికి టైం పెట్టుకో” అంటుంది. సెల్లు వాచీ అన్న మాట ఆమె కావాలనే అంటుంది. కీ అక్కర్లేకుండా బ్యాటరీతో నడిచే వాచీ ఊసు మా వాచీల సంఘంలో ఎత్తకూడదు.

మా సంఘంలో ఆరుగురం ఉన్నాం, అందరం ఒకే టవర్‌లో పనిచేస్తాం. గురువారం మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో, దోశల కౌంటరుకు దూరంగా, మూల బల్ల దగ్గర కలుస్తాం. దూరంగా ఎందుకంటే సాంబారు ఆవిరి డయల్‌కు మంచిది కాదట. ఒకరి వాచీని ఒకరం భూతద్దంలో చూసుకుంటాం. కాఫీలు చల్లారిపోతాయి. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి తీసుకున్న ఫోటోలు ఒకరికొకరం చూపించుకుంటాం. ఆ ఫోటోల్లో వాచీ ఉంటుంది, కారు గుర్తు ఉంటుంది, అనుకోకుండా పడినట్టు రెండూ బాగా కనబడతాయి.

మాకంటూ ఒక భాష కూడా ఉంది. డయల్ ఎండకూ చెమటకూ మాడి రంగు తిరిగితే మామూలు మనుషులు పాడైందంటారు. మేం ‘ట్రాపికల్’ అంటాం. ఆ మాట అనగానే దాని ధర నాలుగింతలవుతుంది. గాజు మీద గీతలుంటే చరిత్ర అంటాం. వెనక మూత అంచుల్లో మట్టి ఉంటే నిజాయితీ అంటాం. ఒకసారి నేను కర్చీఫ్ తీసి పక్కాయన వాచీని తుడవబోయాను. ఆయనది భీమవరం, టెస్టింగ్ టీముకు పెద్ద, మా అందరికంటే ముందు నుంచీ వాచీలు పోగేస్తున్న మనిషి. “అయ్యయ్యో, ముట్టుకోకండి సార్! అది అరవై ఏళ్ల మురికండి!” అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. అర్ధాంతరంగా రిలీజ్ ఆగిపోయిన రోజు కూడా ఆయన గొంతులో అంత ఆవేదన నేను వినలేదు.

మా లెక్కలో ఘోరమైన తప్పు ఒకటే, పాత వాచీని కొత్తగా చేయించడం. డయల్ గీకించి రంగు వేయించినా, డయల్ చుట్టూ ఉండే స్టీలు కేసు అరగదీయించి మెరుగు పెట్టించినా ఆ వాచీ చచ్చినట్టే. దాన్ని మాలో ఎవడూ చేతిలోకి కూడా తీసుకోడు.

ఇక అసలు సంగతి. ఆ వాచీని నేను మొదట చూసింది మా ఆఫీసు పార్కింగ్ గేటు దగ్గర. నా కారు సర్వీసింగుకు పోతే ఆ రోజు బామ్మర్ది కారులో వచ్చాను. దానికి మా ఆఫీసు పార్కింగ్ స్టిక్కర్ లేదు. స్టిక్కర్ లేని బండి ఎవరిదైనా సరే రిజిస్టర్‌లో రాయాలి. గేటు దగ్గరుండే సెక్యూరిటీ ఆయన యాభై దాటిన మనిషి. బండి నంబరు రాసి, టైం రాయడానికి చొక్కా చెయ్యి పైకి జరిపాడు. నేను కిటికీలోంచి మెడ బయటికి చాచాను.

గుండ్రటి స్టీలు వాచీ. సన్నటి ముళ్లు. ఆరు అంకె ఉండాల్సిన చోట సెకన్లకని వేరే చిన్న చక్రం. డయల్ ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పుడు అంచు నుంచి మధ్యదాకా ఒక్క మచ్చ లేకుండా చిక్కటి చాయ్ రంగుకు తిరిగింది. కంపెనీ పేరు చెప్పను గానీ, ఆ రకం చేయడం వాళ్లు ఎప్పుడో మానేశారు. దాని ఫోటోలు చూస్తూ చూస్తూ నేను నిద్రపోయిన రోజులున్నాయి. అటువంటిది ప్లాస్టిక్ బెల్టు తగిలించుకుని నా కళ్ల ముందు బండ్ల రిజిస్టర్ మీద ఆనుకుని ఉంది.

రెండేళ్లుగా ఆయన రోజూ నాకు నమస్తే పెడుతున్నాడు. ఆయన ముఖం నేను సరిగ్గా చూసి ఎరగను. ఆ రోజు మాత్రం కారు దిగి, “ఏం పెద్దాయనా, టిఫిన్ అయిందా?” అని అడిగాను. మేనేజరు కారు దిగి టిఫిన్ సంగతి అడిగితే ఎవరికైనా భయం వేస్తుంది. ఆయన గబగబా టోపీ సర్దుకున్నాడు.

“ఆ వాచీ ఎక్కడిది?”

“మా నాయినది సార్.” ముఖం వెలిగింది ఆయనకు. “బాలానగర్ల లేత్ మిషన్ మీద పని జేస్తుండె. ఒకసారి పెద్ద మిషన్ ఖరాబైతే మూడు దినాలు ఇంటికి రాకుండ కూసోని బాగు జేసిండు. సేటు ఖుషయ్యి తన చేతికున్నది తీసి మా నాయిన చేతికి పెట్టిండు. ఆయన పోయేదాంక తియ్యలే. గిప్పుడు నేను తీస్తలేను.”

ఆయన ఉండేది బోరబండలో. లోకల్ రైలెక్కి తర్వాతి స్టేషన్‌లో దిగితే డ్యూటీ. ఇవన్నీ అడగకుండానే చెప్పాడు. నేను తలూపుతూ వాచీనే చూస్తున్నాను.

గురువారం దాకా ఆగలేక ఆ రోజే భీమవరం ఆయన సీటు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లు మూసుకుని అంతా విని, చాలా శాంతంగా సలహా చెప్పాడు. “కావాలని మాత్రం అడగకండి సార్. మనకు మోజుందని తెలిసిందా, వాళ్ల చుట్టాల్లో ఎవడో ఒకడు ఫోన్‌లో వెతికి రేటు చూస్తాడు. బాగాలేదని చెప్పండి. రోజూ చెప్పండి. రెండు నెలల్లో ఆయనే తెచ్చి మీ చేతిలో పెడతాడండి.”

ఈ విద్యలో మా ఆరుగురికీ బాగా చేయి తిరిగింది. నిజాంపేటలో ఒక రిటైరైన మాస్టారి వాచీని నేను ఇలాగే కొట్టేశాను. పెదవి విరిచి, నిట్టూర్చి, చివరికి ఆయన మీద జాలిపడి కొన్నాను. మాస్టారు నాకు కాఫీ ఇచ్చి మరీ పంపించారు.

మర్నాటి నుంచి గేటు దగ్గర కారు ఆపడం మొదలుపెట్టాను. “డయల్ బాగా మాడిపోయిందే పెద్దాయనా” అన్నాను మొదటి రోజు. “నడుస్తది సార్, టైం కరెక్టుగ జూపిస్తది” అన్నాడు. అది నిజమే, నా పదకొండింటికంటే అదే నయం. నాకు కడుపు మండింది. ఇంకోరోజు గాజు మీద గీతలు ఎత్తి చూపించాను. “మిషన్ కాడ తగిలినయి సార్” అన్నాడు నవ్వుతూ. ఇంకోరోజు ఇంకాస్త ముందుకెళ్లి, “బయట దీన్ని ఎవరూ ముట్టుకోరు. పాత వస్తువులంటే ఇష్టం కాబట్టి నేనైతే ఏదో ఒకటి ఇచ్చి తీసుకుంటా” అన్నాను. “అమ్మేది లేదు సార్” అన్నాడు. ఆ మాట కూడా మర్యాదగానే అన్నాడు.

అలా నాలుగు నెలలు. ఎండలు పోయి వానలొచ్చాయి. పోనుపోను ఆయన నవ్వడం తగ్గించాడు. నా కారు కనబడగానే చొక్కా చెయ్యి కిందికి లాగి వాచీని కప్పేసేవాడు. మెత్తబడుతున్నాడని లెక్కేసుకున్నాను. సంఘంలో చెబితే అందరూ నా ఓర్పును మెచ్చుకున్నారు. డబ్బులు కవరులో పెట్టి కారులో సిద్ధంగా ఉంచుకున్నాను.

ఇంట్లో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. “ఆ మనిషి వాళ్ల నాయన వస్తువును దినామూ బాగలేదు బాగలేదు అంటావే, నీకు నోరెట్లా వస్తాది?” అని అడిగింది మా ఆవిడ.

“దీన్ని నెగోషియేషన్ అంటారు.”

“మా వీధిలో దానికి వేరే పేరుంది. పాప ముందర చెప్పలేను” అని లోపలికి వెళ్లిపోయింది.

ఒకరోజు పొద్దున గేటు దగ్గర ఆయనే నా కారుకు అడ్డం వచ్చి చెయ్యెత్తాడు. ముఖం నిండా నవ్వు. నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు చూడటం. జేబులోంచి కాగితపు పొట్లం తీశాడు. నా చెయ్యి కవరు మీదికి పోయింది.

పొట్లం విప్పాడు. లోపల వాచీ కొత్త స్టీలు గ్లాసులా తళతళలాడుతోంది. డయల్ సున్నం కొట్టినంత తెలుపు. దాని మీద నల్లటి అంకెలు, అందులో మూడు అంకె కాస్త పక్కకు వాలి ఉంది. గాజు మీద ఒక్క గీత లేదు. కేసు అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. ముళ్లు మాత్రం పాతవే.

“బాలానగర్ల ఒక మేస్త్రి ఉన్నడు సార్. మంచి పనిమంతుడు. పాత రంగంత గీకి కొత్తది ఏసిండు. నంబర్లు మల్ల రాసిండు. గీతలన్ని పోయేదాంక పాలిష్ వట్టిండు.”

“ఎందుకు చేయించారు?” అన్నాను.

“మీరు దినాం అంటుంటిరి గద సార్. గంత పెద్ద సారు, వాచీలు తెలిసినాయన, ఊకెనే అంటడా అనుకున్న. నాయిన వస్తువు పెట్టుకోని, నలుగురిల గిట్ల ఖరాబుగ తిప్పుతున్ననా అని సిగ్గయింది. మా నాయిననే తక్కువ జేసినట్టు అనిపించింది. ఇగ ఇప్పుడు ఎవ్వరు ఏమనరు.” వాచీని కారు కిటికీలోంచి నా ముందుకు చాపాడు. “మంచిగైంది గద సార్? చెప్పుండ్రి.”

“చాలా బాగుంది” అన్నాను.

బాగున్నన్నాళ్లూ బాగాలేదన్నాను. పాడయ్యాక బాగుందన్నాను. మొదటి అబద్ధానికి నాలుగు నెలలు కష్టపడ్డాను, రెండోది మాత్రం దానంతటదే వచ్చేసింది. చొక్కా చెయ్యి కిందికి లాగడమంటే మెత్తబడటం కాదని, అది సిగ్గని, నాకు అప్పుడు తెలిసింది. ఆ సిగ్గు నేను పెట్టిందే. చెప్పుకోవడానికి తల కొట్టేసినట్టుంటుంది గానీ, ఆ క్షణంలో నాకు ముందు ఏడుపొచ్చింది ఆయన కోసం కాదు, ఆ చాయ్ రంగు డయల్ కోసం.

అది నా ముఖంలో కనబడే ఉంటుంది. రోజుకు పన్నెండు గంటలు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూడటమే ఆయన ఉద్యోగం. ఆయన నవ్వు నెమ్మదిగా తగ్గింది.

“అయితే ఇప్పుడు కొంటరా సార్?” అన్నాడు.

“అమ్మనన్నారుగా.”

“అమ్మేది లేదు. ఊకె అడుగుతున్న. కొంటరా?”

కొంటానంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో ఆయన వాచీ ఆయనకు మంచి వాచీగా మిగిలిపోయేది. నాలుగు నెలలుగా అంటూ వచ్చిన మాటే అది. ఆయన ఎలాగూ అమ్మడు, నాకు పైసా ఖర్చు లేదు. అయినా రంగు వేసిన డయల్‌ను చూస్తూ ఆ మాట నా నోట రాలేదు. అంత గొప్ప కలెక్టర్‌ని మరి.

“వద్దులెండి. నా దగ్గర చాలా ఉన్నాయి” అన్నాను.

వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆయన కదల్లేదు. వాచీని చూస్తూ, తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు. “ఖరాబుంది అన్నన్ని దినాలు కొంట అన్నరు. మంచిగుంది అంటున్నరు, ఇప్పుడు వద్దంటున్నరు.” వాచీని ఇటూ అటూ తిప్పాడు. “అంటే గప్పుడే మంచిగుండె.”

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. నేను స్టీరింగ్ వైపు చూస్తున్నాను. తిట్టినా బాగుండుననిపించింది.

ఆయన కీ ఇచ్చే మర పక్కన కేసు మీద బొటనవేలితో తడిమి చూశాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

“ఈడ మా నాయిన వేలు తాకి తాకి జర గుంట వడి ఉండె సార్. నేను కీ ఇస్తే నా వేలు గూడ ఆడనే పడుతుండె. గది గూడ అరగదీసిండు.”

వాచీ చేతికి పెట్టుకుని, బెల్టు బిగించుకుని, దాన్ని చూశాడు. “తొమ్మిది నలభై అయింది. ఎనక బండ్లున్నయి సార్, మీరు పోండ్రి” అని నాకు గేటు ఎత్తాడు.