మామగారు కడిగిన రాళ్లు

రాయదుర్గంలోని మా ఆఫీసు రిసెప్షన్‌లో నెల రోజులుగా ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. రాళ్లు, ఇసుక, నీళ్లు తప్ప అందులో ఒక్క చేప లేదు. "చేపలకి వర్క్ ఫ్రమ్ హోమా?" అని వచ్చిపోయేవాళ్ల వేళాకోళం. ఆ రాళ్లలో, ఇసుకలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురం పెట్టేదాకా చేపల్ని వదలకూడదని నాకు తెలుసు. తెలిసింది మా మామగారి వల్ల.

మేం తెల్లాపూర్ ఫ్లాట్‌లో దిగిన కొత్తలో మావారు హాల్లో అలాంటి తొట్టే పెట్టి, తెల్లచారల నారింజరంగు చేపలు రెండింటిని ప్రాణంగా పెంచారు. భీమవరం దగ్గర ముప్పై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్న మామగారు, పంట పట్టేశాక నాలుగు రోజులుందామని వచ్చారు. పంటపంటకీ చెరువు ఎండగట్టి, అడుగున నల్లమట్టి ఎత్తించనిదే కొత్త రొయ్యపిల్ల వదలని మనిషి. మేమిద్దరం ఆఫీసులో ఉండగా చేపల్ని బకెట్లో వేసి, రాళ్లను కుళాయి కింద బ్రష్‌తో తోమి, బాల్కనీలో ఎండబెట్టారు. ఇసుకను బియ్యం కడిగినట్టు కడిగి, ఉప్పు కలిపిన నీళ్లు నింపారు. సాయంత్రానికి తొట్టి అద్దంలా ఉంది.

"అడుగంతా నల్లబడిపోయిందమ్మా. బద్ధకిస్తే జీవాలు బతుకుతాయా?" అన్నారు నాతో, గర్వంగా. మావారి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

మూడోనాటికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. "ఆ రాళ్లలో ఉన్న సూక్ష్మజీవులే చేపల మురికిని విరిచేవి నాన్నా. అవి పోయాయి" అన్నారు మావారు. "అమోనియానా?" అన్నారాయన. చెరువుల్లో రొయ్యల్ని చంపే ఆ విషం సంగతి మాకంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే తల దించుకున్నారు. మర్నాడు ఒక చేప పోయింది.

మామగారు ఊరి ప్రయాణం మానుకున్నారు. బోరబండలో చేపల దుకాణాయన తన పాత తొట్టిలోంచి ఒక రాయి తీసిచ్చి, "పెద్దాయనా, దీన్ని మాత్రం కడగకుండ్రి. జర ఓపిక పట్టుండ్రి, ఇగ అదే సూస్కుంటది" అన్నాడు. మామగారు రోజూ కాసిన్ని నీళ్లు తీసి, ఉప్పు కొలిచి కలిపిన కొత్త నీళ్లు పోసేవారు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మిగిలిన చేప మేత అందుకున్నాకే తను టిఫిను తినేవారు.

ఆరు వారాలకు చేప తేరుకుంది. ఆయన బస్సెక్కారు. మా ఇంట్లో అన్నాళ్లున్నది అదొక్కసారే. ఆ ఆరు వారాలూ ఎప్పుడు గడుస్తాయా అని నేను లోలోపల రోజులు లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.