శీను భుజం మీద చెయ్యి

టీ బడ్డీలో నసీర్ బూట్లు విప్పుకొని కూర్చున్నాడు. అతన్ని చూసి నేను అక్కడే ఆగిపోయాను. అప్పటిదాకా నాకు ముందు, శీను భుజం మీద చెయ్యేసి నడుస్తున్నది అతనే అనుకుంటూ వచ్చాను.

దయ్యాలను నేను నమ్మను. పత్రికలో డెస్కు మీద పనిచేసినన్నాళ్లూ అలాంటి వార్త వస్తే, చూసిన మనిషి ఎవరని అడిగి పక్కన పడేసేవాణ్ణి. ఇక్కడ చూసిన మనిషిని నేనే.

శీను, నేను హైదరాబాద్ ఛత్రినాకలో ఒకే గల్లీలో పెరిగాం. నసీర్ బార్కస్ మనిషి, శీను ఆఫీసులో కొత్తగా చేరాడు. మంచివాడే. కానీ శీను ప్రతి మాటా ‘నసీర్ భాయ్ ఏమన్నడంటే’ అని మొదలుపెట్టేవాడు. వానాకాలంలో, జనం లేనప్పుడు, విశాఖ వెళ్లి భీమిలి వైపు తీరం వెంట నడుద్దామన్నదీ నసీరే. నన్ను చివర్లో పిలిచారు. అయినా వెళ్లాను.

ఆ రోజుల్లో శీను ఏదో మనసులో పెట్టుకొని నలిగిపోతున్నాడు. సరిగ్గా నిద్ర కూడా పోవడం లేదని వాళ్లావిడ చెప్పింది. నేను అడిగితే ‘చెప్తలే’ అనేవాడు. నాకంటే ముందు నసీర్‌కు చెప్పేస్తాడేమోనన్నదే నా బాధ.

ఆదివారం పొద్దున సంచి సర్దుకొని నేను కొంచెం ఆలస్యంగా ఇసుకలోకి దిగాను. దూరంగా ఇద్దరు. భుజం మీద చెయ్యి. తల వంచుకొని శీను మాట్లాడుతున్నాడు. చెప్పేస్తున్నాడని అర్థమైంది. కడుపు మండింది. వాళ్లను కలుసుకోవడం ఇష్టం లేక కావాలనే మెల్లగా నడిచాను. మబ్బుగా ఉన్నా పట్టపగలు. ఇద్దరు మనుషులు స్పష్టంగా కనిపించారు. సరుగుడు తోట మలుపులో కనుమరుగయ్యారు.

మలుపు దాటగానే బడ్డీ, అందులో నసీర్. ముందురోజు నడకకు మడమలు పుండ్లు పడి రోడ్డు మీదుగా ఆటోలో వచ్చేశాడట. శీనుకు చెప్పే బయల్దేరాడట. “ఈ బాబొచ్చి చాలాసేపైందండి,” అంది టీ పోసే ఆవిడ.

కాస్త అవతల శీను ఒక్కడే మొహం కడుక్కుంటున్నాడు. ఏడ్చినట్టున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

“నీకు చెప్పిన, మంచిగైందిరా. దిల్ హల్కా అయింది.”

“నాకెప్పుడు చెప్పినవ్?”

“మజాక్ చెయ్యకు. గింతసేపు భుజం మీద చెయ్యేసి విన్నవ్. ఒక్క మాట గూడ అనలే. గదే మంచిగనిపించింది.”

మొహం చూడలేదా అని అడగబోయి ఊరుకున్నాను. మా గల్లీలో ఎదురొచ్చే బండ్లను చూసుకుంటూ నడవాలి. పక్కవాడి మొహం చూసి మాట్లాడే అలవాటు మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ లేదు.

వెనక్కి వెళ్లి ఇసుకలో అడుగులు వెతికాను. అప్పటికే అల పైదాకా వచ్చి వెళ్లింది.

ఇప్పుడు శీనుకు నిద్ర బాగా పడుతోందట. నసీర్ మీద నాకు కుళ్లు లేదు, అతనికీ ఏమీ తెలియదు. నా కుళ్లంతా ఆ చెయ్యి మీదే. మొన్న చాయ్ తాగుతూ, ఆ మాట ఇంకోసారి చెప్పమని శీనును అడిగాను.

“చెప్పిన గదరా. మళ్ల చెప్పుడు నాతోని కాదు,” అన్నాడు.

అతను ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.