ఆరామున్నడు సార్

పరంజ్యోతిని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. మేడ్చల్ మనిషి. సైన్యంలో నాయక్, వాలీబాల్ జట్టులో స్మాష్ కొట్టేవాడు. 2001లో కుడి భుజం నొప్పితో నా దగ్గరకు వచ్చాడు. అప్పటికి నేను కాకినాడ నుంచి ఈ మేడ్చల్ వైపుకు వచ్చి మూడు నెలలు. సైనిక ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స చేయించడం నా ఉద్యోగం.

అతనికి ముప్పై రెండేళ్లు. ఆ ఏడాది సైన్యం పెద్ద జట్టు ఎంపికకు వెళ్లకపోతే వయసు దాటిపోతుంది, మళ్లీ అవకాశం లేదు. దెబ్బలు తగిలినవాళ్లలో ఎవరు కోలుకున్నారో చూసి ఎంపికకు పేర్లు పంపేది నేనే.

భుజం కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు దెబ్బతింది. నా వైద్యం ఒకటే. మంచి చేత్తో బరువు పైకెత్తాలి, నొప్పి చేత్తో ఐదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దించాలి. రోజూ రెండు పూటలా, పన్నెండు వారాలు. కాస్త నొప్పి పుట్టినా ఆపకూడదు. ఈ మహానుభావుడు నాలుగో రోజే ఆపేశాడు. ఆదివారం శామీర్‌పేట వెళ్లి, ముత్తమ్మ అనే ఆవిడ చేత నూనె పెట్టి తోమించుకుని వచ్చాడు.

"నరం పక్కకు జరిగిందంట సార్. చెయ్యి కదపొద్దన్నది" అన్నాడు.

"నరమూ కాదు, నీ తలకాయా కాదు. భుజాన్ని పడుకోబెడితే ఇంకా చెడుతుందయ్యా" అని కేకలేశాను.

తలవంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఎనిమిది వారాలు నా కళ్లముందే చేశాడు గానీ నాకు నమ్మకం కుదరలేదు. మిగిలిన నాలుగు వారాలకు సెలవు మీద ఇంటికెళ్తుంటే, ఇసుక నింపిన సీసా ఒకటి చేతిలో పెట్టి, "ఒక్క పూట మానినా నీ పేరు పంపను" అన్నాను.

మూడు వారాలు గడిచాయి. ఎంపికకు వెళ్లేవాళ్ల జాబితా ఆ సాయంత్రమే కావాలని ఆఫీసు నుంచి కబురొచ్చింది. పరంజ్యోతి ఇంట్లో ఫోను లేదు. పక్కింటి లక్ష్మీకాంతమ్మగారి నంబరుకు చేస్తే అతని భార్య ఎస్తేరు వచ్చింది. అతను ఇంట్లో లేడట.

"భుజం సంగతేంటమ్మా? ఏం చేస్తున్నాడు?"

"ఆరామున్నడు సార్."

"ఆరామా? ఎప్పట్నుంచి?"

"పది దినాలాయె సార్. మస్తు ఆరామున్నడు. మీరేం ఫికర్ జేయకుండ్రి."

ఫోను ఠపీమని పెట్టేశాను. మావైపు ఆరాం అంటే కాళ్లు బారజాపుకుని పడుకోవడం. అంత చెప్పినా పది రోజులుగా పడుకున్నాడన్నమాట. ఆ కోపంలోనే అతని పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసి పంపాను.

వారం తర్వాత పరంజ్యోతి వచ్చి సీసా నా బల్లమీద పెట్టాడు. పట్టుకునే చోట చుట్టిన గుడ్డ చెమటకు నల్లబడి ఉంది. మూలనున్న బంతి తీసి గోడకేసి బలంగా కొట్టాడు. చెయ్యి పూర్తిగా పైకి లేచింది, ముఖంలో నొప్పి జాడ లేదు.

"ఆరామున్నదని మా ఇంటామె జెప్పిందంట గద సార్. గా ఎంపిక ఎన్నడు?" అన్నాడు నవ్వుతూ.

"ఆరామంటే పడుకున్నావనుకుని నీ పేరు కొట్టేశానయ్యా" అన్నాను. పక్కనే ఉన్న కాంపౌండరు నరసింహ సంగతి గ్రహించి నెత్తి పట్టుకున్నాడు.

"మా దిక్కు ఆరామున్నడంటె నయమైందని సార్" అన్నాడు మెల్లగా.

ఆఫీసుకు పరుగెత్తాను. పొరపాటు నాదేనని రాసిచ్చాను. పంపేసిన జాబితా మారదన్నారు. పరంజ్యోతి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా నా మనసు కాస్త తేలికపడేది.

ఐదేళ్ల తర్వాత మేడ్చల్ బస్టాపులో కనిపించాడు. పదవీ విరమణ చేసి, కండ్లకోయలో ఒక కాలేజీలో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాడట. ఎలా ఉన్నావని అడిగాను.

"ఆరా..." అంటూ ఆగిపోయాడు. నా ముఖంలోకి చూసి, ఆ మాట మింగేశాడు.

"బాగున్నానండి" అన్నాడు, అచ్చం మావైపు వాళ్లలాగే.