మావయ్యగారి నాలుక కింది మాత్ర

ఇలా వచ్చి కూర్చో బుజ్జీ. ఆ సెల్లు పక్కన పెట్టి సరిగ్గా విను. అయ్యో, నేను చెప్పేది రాసుకునేది దాంట్లోనేగా, ఉంచుకో. ఆ రోజుల్లో నాకు తెలియని సంగతే లేదనుకునేదాన్ని. (ఇప్పుడూ అంతేలే, అది రాయకు.) అప్పుడు నేను కొత్త కోడల్ని. మీ తాతయ్య వాళ్ల నాన్నకి, అంటే మా మావయ్యగారికి, గుండెనొప్పి ఉండేది. గుంటూరు డాక్టరు చిన్న మాత్రలిచ్చి, నొప్పొస్తే మింగకుండా నాలుక కింద పెట్టుకోమన్నాడు. మావయ్యగారేమో ప్రతిసారీ "గ్యాసేలే, పోద్ది" అనేవారు.

ఒకరోజు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను పొద్దుట్నించీ తాలుకాయలు ఏరి పక్కన పడేస్తున్నాను. మావయ్యగారు ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని బస్తా మీద కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. "మాత్ర, మాత్ర!" అని అత్తయ్య ఒకటే కేకలు. నేను పరిగెత్తి, ఆయన జేబులోంచి మాత్ర తీసి, "నోరు తెరవండి మావయ్యగారూ" అంటూ వేలితో నాలుక కిందకి తోసేశాను. పొద్దుట్నించీ మిరపకాయల్లో ఉన్న వేలు!

"వామ్మో, మంట! ఏం పెట్టావే అమ్మాయ్?" అని ఆయన ఎగిరిపడ్డారు. నేను నీళ్లు తేబోతే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది. "నీళ్లు తాగితే మాత్ర కడుపులోకి పోద్దే!" కాసేపటికి ఆయన మొహం పండు మిరపకాయలా ఎర్రబడింది. తల పగిలిపోతోందన్నారు. ఇంకేముంది, మావయ్యగార్ని నా చేత్తో చంపేశానని కల్లం మధ్య కూర్చుని శోకాలు మొదలెట్టాను.

"ఆపవే తల్లీ! నొప్పి తగ్గింది. నీ ఏడుపుకే తల పగుల్తోంది" అన్నారాయన.

ఆ సాయంత్రమే డాక్టరుకి చూపిస్తే పడీపడీ నవ్వాడు. "మొహం ఎర్రబడటం, తలపోటూ మాత్ర పనేనమ్మా, రక్తనాళాలు తెరుచుకుంటే అంతే. నోటి మంట మాత్రం నీ వైద్యం" అన్నాడు. ఇప్పుడు నువ్వేమో ఆ మాత్ర ఒంట్లోకెళ్లి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుందనీ, అదొక గ్యాసనీ, నాళాల్ని వదులు చేసేది అదేననీ అంటున్నావు. (చూశావా, మావయ్యగారు నొప్పి గ్యాసని తప్పు చెప్పినా, మందు గ్యాసని ముందే చెప్పారు!)

అంత జరిగాక కూడా మావయ్యగారు ఆ మాత్రల సీసా నా చేతికే ఇచ్చారు. "పరిగెత్తుకొచ్చేది ఈ పిల్లేనే" అన్నారు అత్తయ్యతో. ఇప్పుడు నాకూ అదే జబ్బు, నా సీసా నా కోడలు, అదే మీ అమ్మ దగ్గరుంది. నాకు గుండె పట్టేసినప్పుడు అది మాత్ర తెస్తే, అంత నొప్పిలోనూ ముందు దాని వేళ్లు వాసన చూస్తాను. మరి మావయ్యగారు, ఏ రోజూ నా వేళ్ల వంక చూడకుండా నోరు తెరిచేవారే, ఆ పిచ్చిపిల్లని అంతగా నమ్మి...

"అత్తయ్యా, అన్నం పెట్టేశాను, రండి!"

వస్తున్నానమ్మా! ఏం లేదు బుజ్జీ, కళ్లలో కారం పడింది. ఇంతకీ మావయ్యగారు ఆ తర్వాత నన్ను ఏమని పిలిచేవారంటే...

"అత్తయ్యా!"