హాబీల దగ్గర ఏం రాయాలి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఒక కోచింగ్ సెంటర్‌లో పదహారేళ్లుగా పని చేస్తున్నాను. కంప్యూటర్ పాఠాలు చెప్పేది నేను కాదు. కోర్సు అయిపోయిన పిల్లలకు రెజ్యూమె రాసిపెట్టి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పించడం నా పని. ఈ పనిలో నా ప్రాణం తీసేది ఒక్కటే, చివరి పేజీ అడుగున ఉండే హాబీలు అనే గడి.

ఎవరిని చూసినా అక్కడ సినిమాలు చూడటం, పాటలు వినడం అని రాసుకొస్తారు. కొందరు ముందుజాగ్రత్తగా పుస్తకాలు చదవడం అని కూడా చేరుస్తారు. ఏ పుస్తకం చదివావమ్మా అంటే నేల చూపులు చూస్తారు. ఒకరోజు ఒళ్లు మండి ఒక కుర్రాణ్ణి నిలదీశాను.

“సినిమాలు చూసేటోనికి ఉద్యోగం ఎవరిస్తరు?”

“మరింకేం రాయాలె సార్? గదే చేస్తం గద,” అన్నాడు వాడు, ఏమాత్రం తడబడకుండా.

నేను ఆ రెండు మాటలూ కొట్టేసి, ట్రెకింగ్ అని రాశాను. అలా మొదలైంది. కొండలెక్కే మనిషంటే ధైర్యం, ఓపిక, నలుగురితో కలిసి నడిచే గుణం ఉంటాయని కంపెనీవాళ్లు అనుకుంటారని నా లెక్క. అయితే మాట రాసి వదిలేస్తే సరిపోదు, అడిగితే చెప్పడానికి ఒక కథ ఉండాలి. ఆ కథ కూడా నేనే తయారు చేశాను. ఉత్తరాఖండ్‌లో ఒక కొండ, ఐదు రోజుల నడక. మొదటి రోజు పైన్ చెట్ల మధ్య ఎక్కడం. రెండో రోజు వాన. ఆ వానలో ఒక స్నేహితుడి కాలు బెణుకుతుంది, మిగతావాళ్లు అతని బ్యాగు వంతులవారీగా మోస్తారు. అక్కడ కొంచెం ఆగి, టీమ్‌వర్క్ అంటే ఏమిటో ఆ రోజే తెలిసింది అనాలి. అడిగినవాళ్లు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ఎన్ని బ్యాచ్‌లకు బట్టీ పట్టించానో నాకే గుర్తు లేదు.

ఇంతా చేసి నేను ఎక్కిన కొండ ఒక్కటీ లేదు. యాదగిరిగుట్ట కూడా బస్సులోనే ఎక్కాను. మాది సిరిసిల్ల, నాన్న మరమగ్గం నడిపేవాడు. నేను చూసిన కొండలన్నీ సినిమాల్లోవే. పాట రాగానే జనం బీడీలకు బయటికి పోతే నేను కదలకుండా కూర్చునేవాణ్ణి. అందరూ హీరోయిన్ని చూస్తుంటే నేను ఆమె వెనకున్న మంచును చూసేవాణ్ణి. ఒక్కసారైనా అక్కడికి పోవాలని గట్టిగా అనుకున్నాను. సెంటర్‌లో చేరాక ఒక బ్యాచ్ అయ్యేలోపు ఇంకో బ్యాచ్, వరసగా నాలుగు రోజులు సెలవు దొరికింది లేదు.

ఇప్పుడు సినిమాలకు పోవడం కూడా మానేశాను. కొండలను కంప్యూటర్‌లో గీస్తున్నారని చూడగానే తెలిసిపోతుంది. ముందు సీటువాడు తెరమీద పేరు పడ్డప్పటి నుంచి ఫోన్ పైకెత్తి వీడియో తీస్తుంటాడు, నేను వాడి ఫోన్‌లో సినిమా చూడాలి. పోనీ ఇంట్లో చూద్దామంటే సగంలో నిద్ర పడుతుంది.

ఈ మధ్య మా సెంటర్ పలచబడింది. క్లాసులు ఇంట్లో కూర్చునే వింటున్నారు. రెజ్యూమె కావాలంటే ఫోన్‌ని అడుగుతున్నారు, అది నిమిషంలో రాసిస్తోంది. చివరికి మా ఓనర్ నా గదిలోకి వచ్చి, నిలబడే విషయం చెప్పాడు.

“అన్నా, వచ్చే నెల నుంచి గీ రూమ్ ఖాళీ చేస్తున్న. జర వేరేది చూసుకో.”

నలభై ఏడేళ్ల వయసులో ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. బిడ్డ ఇంటర్‌లో ఉంది. నాకేదీ దొరక్కపోతే యూసుఫ్‌గూడలో మా ఇల్లు నా భార్య కుట్టుమిషన్ మీదే నడవాలి. సోమాజిగూడలో ఒక ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు తర్ఫీదు ఇచ్చే మనిషి కావాలని తెలిసి, ఎన్నో ఏళ్ల తర్వాత నా రెజ్యూమె నేను రాసుకున్నాను. హాబీల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు వాటంతటవే ట్రెకింగ్ అని కొట్టేశాయి. నేను కనీసం ఆలోచించలేదు కూడా.

ఇంటర్వ్యూ రోజు బస్సు పంజాగుట్ట చౌరస్తాలో ఇరుక్కుని కదలనంది. దిగి నడిచాను. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుంది. అక్కడ రోడ్డు దాటడానికి చేసిన సాహసం ముందు ఏ కొండైనా ఎంత అని తిట్టుకుంటూ లోపలికి వెళ్లాను. ముప్పై దాటిన ఒక మేడమ్ కూర్చుని ఉంది. మాట తీరు చూస్తే కోస్తావైపు మనిషి. పని గురించి అడిగినవాటికి బాగానే చెప్పాను. తర్వాత ఆమె చివరి పేజీ తిప్పింది.

“ట్రెకింగ్ ఇష్టమాండీ? ఎక్కడికి వెళ్లారు?”

నా నోరు మొదలుపెట్టేసింది. కొండ పేరు, పైన్ చెట్లు, అన్నీ వరసగా వచ్చాయి. రెండో రోజు దగ్గరికి రాగానే ఆమె పెన్ను కింద పెట్టింది.

“వాన పడిందా?”

“పడ్డది మేడమ్.”

“ఫ్రెండ్ కాలు బెణికిందా?”

అవునన్నట్టు తలూపాను.

“అమీర్‌పేట నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి అదే కొండ మీద అదే రోజు వాన పడిందండీ. ఆ ఫ్రెండ్ ఎవరో గానీ పాపం, ఇప్పటికీ నడవలేకపోతున్నాడు. వీళ్లకిది నేర్పేది ఎవరా అనుకునేదాన్ని.”

“నేనే మేడమ్.”

ఆమె నవ్వలేదు. “మీరైనా వెళ్లారా?” అంది.

“లేదు.”

“నేను రెండుసార్లు వెళ్లాను.”

అక్కడ నేను క్షమాపణ చెప్పుకోవాలి. లేదా పని గురించి మాట్లాడి, పోయిన పరువును కొంతైనా దక్కించుకోవాలి. పిల్లలకు నేను చెప్పేది అదే. కానీ నా నోటి నుంచి వచ్చింది వేరు.

“పైన చలి ఎట్లుంటది మేడమ్?”

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున లేస్తే వేళ్లు వంగవని, బూట్ల లేసులు కట్టుకోవడానికే పావుగంట పడుతుందని చెప్పింది. తడిసిన సాక్సులు ఇక ఆరవట. పైకి చేరాక ఎవరూ మాట్లాడరట, వేడి వేడి పప్పన్నం మాత్రం గుర్తొస్తుందట. ఎక్కడ పడుకుంటారు, దారి మరీ అంచున ఉంటుందా, నా వయసువాళ్లు ఎక్కగలరా అని నేను అడుగుతూనే ఉన్నాను. అన్నిటికీ ఓపికగా చెప్పి, చివరికి నా కాగితాలు నా వైపు జరిపింది.

“మీకు నేర్పించడం బాగా వచ్చండీ. అంతమంది అక్షరం పొల్లు పోకుండా చెప్పారంటేనే తెలుస్తోంది. కానీ మా కొత్తవాళ్లను మీ చేతిలో పెట్టలేను. ఏమీ అనుకోకండి.”

లిఫ్టులో ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆమె కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి.

ఇంటికి వచ్చేసరికి నా భార్య ఎవరిదో జాకెట్టు కుడుతోంది. మిషన్ ఆపకుండానే అడిగింది.

“ఏమైంది?”

“పొద్దున లేస్తే వేళ్లు వంగయట. బూట్ల లేసులు సుత కట్టుకోరాదట.”

“ఎక్కడ? నేను నౌకరి ముచ్చట అడుగుతున్న.”

జరిగిందంతా చెప్పాను. ఆమె కాళ్లు మిషన్ మీద ఆగిపోయాయి. చేతికొచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకున్నందుకు నాలుగు తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆమె తిట్టలేదు.

“కొండలెక్కాలని నీకు గంత ఉన్నదా?”

“ఉన్నది.”

“నాకెన్నడు చెప్పలే.”

“నువ్వెన్నడు అడిగినవు?” అన్నాను. పొద్దుటి చిరాకంతా ఆ మాటలో పడింది.

“నేనడగలే, సరే. నువ్వడిగినవా నన్ను? పొద్దున లేస్తే ఊళ్లె పిల్లలందరిని నీ హాబీ ఏంది, నీ హాబీ ఏంది అని అడుగుతవు.”

నాకు ఇంకా మండింది. క్లాసులో అడిగే గొంతుతోనే అడిగాను.

“ఇప్పుడు అడుగుతున్న. చెప్పు. నీకేమిష్టం?”

ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి, కుడుతున్న గుడ్డను చూస్తూ కూర్చుంది. చెప్పబోయినట్టు ఒకసారి నోరు తెరిచింది. కిందెక్కడో ఆటో హారన్ కొడుతోంది.

“ఏదో ఉండె,” అంది చివరికి. “యాదికొస్తలేదు.”

సూది కిందికి గుడ్డ జరిపి మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. నా కోపమంతా పోయింది. ఫలానాది ఏమో అని గుర్తు చేద్దామనుకున్నాను. ఇరవై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషికి ఏమిష్టమో ఊహించి చెప్పడానికైనా నాకు ఒక్క మాట దొరకలేదు.