కరెంటు పోయినా కూసిన మైకు

అద్దంకి చుట్టుపక్కల పెళ్ళికైనా చావుకైనా, ఎడ్ల పందేలకైనా చర్చి పండగకైనా మైకు సెట్టు పెట్టాలంటే జక్రయ్యకే కబురు వెళ్ళేది. జక్రయ్య మైకు కూయదని జనం చెప్పుకునేవాళ్ళు. జనం చెప్పుకోవడం ఆలస్యమైతే ఆయనే చెప్పుకునేవాడు. మైకు కీచుమనిపించేవాణ్ణి ఆయన అసలు మనిషి కింద జమకట్టడు. చీరాలలో డీజే బండి తిప్పే సొంత మేనల్లుడు బెన్నీని కూడా ఆ ఒక్క కారణంగానే ఇరవై మందిలో పట్టుకుని కడిగేసేవాడు.

బాక్సులు మోసీ మోసీ నడుము మాత్రం ఎప్పుడో పోయింది. దాని సంగతి ఎవరైనా అడిగితే, నడుముదేముంది, నడుముతో వింటానా ఏంటి, చెవులు బాగుంటే చాలు అనేవాడు. ఇలా మాట్లాడేవాళ్ళని చూస్తే దేవుడికి కూడా సరదా పుడుతుందేమో.

మిరపకోతలు అయిపోవస్తున్న రోజుల్లో పక్క ఊళ్ళో ఎడ్ల పందేలు పెట్టారు. చీమకుర్తి నుంచి తెప్పించిన బండరాయిని ఎడ్లు లాగుతున్నాయి. తెలుగు మాస్టారు గురునాథంగారు మైకు పట్టుకుని, తన ఎడ్లే లాగుతున్నంత ఆవేశంగా వ్యాఖ్యానం చెబుతున్నారు. సరిగ్గా అప్పుడు జక్రయ్యకు సన్నగా కీచుమని వినపడింది. సౌండు తగ్గించాడు, పోలేదు. బాస్ తగ్గించాడు, పోలేదు. చివరికి ఆంప్లిఫయరే కట్టేశాడు. అప్పుడూ పోలేదు కానీ గురునాథంగారి గొంతు మాత్రం పోయింది. ఆయన ఆ సంగతి చూసుకోకుండా చెయ్యి ఊపుకుంటూ, నోరు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఇంకా చెబుతూనే ఉన్నారు. టైము ఎంతైందో వినపడక ఎడ్ల యజమాని శ్రీకృష్ణ కర్ర పుచ్చుకుని మైకు బల్ల మీదికి వచ్చాడు. కూత వినపడలేదా అని జక్రయ్య, ఏ కూత అని శ్రీకృష్ణ. మీ అందరికీ చెవుల్లో గులిమి పేరుకుందని జక్రయ్య తేల్చి చెప్పాడు. జనం ఆయన్ని కొట్టకుండా వదిలారంటే పెద్దవాడన్న గౌరవమే తప్ప ఇంకేం కాదు.

ఆ రోజు నుంచి ఇంట్లో తాండవమే. వైర్లన్నీ మార్చాడు. బాక్సులు విప్పి అరుగంతా పరిచాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీ మోటార్లని అనుమానించాడు, సెల్ టవర్ని తిట్టాడు, గ్రానైటు లారీల్నీ వదల్లేదు. మిరపకోతకు పోయి వచ్చిన భార్య రెబ్కాకు కూర్చోవడానికి జాగా దొరక్క స్పీకరు మీద కూర్చుని అన్నం తినేది. చివరికి ఒక సాయంత్రం ఆయన బెన్నీకి ఫోన్ చేసి, ఆదివారం ఆరాధన అయ్యాక బండి తెచ్చి సెట్టంతా పట్టుకుపొమ్మన్నాడు. కూసే మైకు ముందు కూర్చుని తలదించుకోవడం తన వల్ల కాదన్నాడు. ఆ సెట్టు లేకపోతే తను నడుము నొప్పి ముసలాడు తప్ప మరెవరూ కాడు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు, తెలిసే బాధపడ్డాడు.

బుధవారం మధ్యాహ్నం ఆఖరిసారిగా ఆంప్లిఫయర్ని పరీక్ష చేస్తుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, పక్కింటి గ్రైండరు ఆగింది, వీధంతా గప్‌చుప్. కూత మాత్రం హాయిగా సాగుతోంది. జక్రయ్య వైరు పీకి చేత్తో పట్టుకున్నాడు. అయినా కూస్తోంది.

"రెబ్కా, ఇట్రా. కరెంటు లేకుండా కూస్తోందే ఇది."

రెబ్కా వచ్చి ఆంప్లిఫయర్‌కు చెవి ఆనించింది. ఏమీ లేదు. బాక్సుకు ఆనించింది. అక్కడా లేదు. ఆఖరికి వెళ్ళి మొగుడి చెవికి తన చెవి ఆనించి కాసేపు విన్నది. వీధిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

"నాకెక్కడా వినపడటం లేదు. కూసేది మైకు కాదయ్యా, నువ్వు" అన్నది.

అని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని ఆయన ముఖం చూసేసరికి భయం పట్టుకుంది. అప్పటికప్పుడు ఆటో పిలిచి, ఆయనతోపాటు ఆయన వైర్ల సంచీ కూడా ఎక్కించుకుని అద్దంకి సర్కారు ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరు బాలసరస్వతిగారు చెవుల్లో లైటు వేసి చూసి, ఏం మందులు వాడుతున్నారని అడిగారు. ఏమీ వాడటం లేదండీ అన్నాడు జక్రయ్య గర్వంగా. రెబ్కా వైర్ల సంచీ తీసి బల్ల మీద బోర్లించింది. ప్లగ్గులూ స్క్రూలతో పాటు ఒంగోలు గుండె డాక్టరు రాసిన చిన్న బిళ్ళలు పడ్డాయి. బడ్డీకొట్టు తలనొప్పి బిళ్ళలు పడ్డాయి. నీళ్ళల్లో వేస్తే బుసబుసా పొంగే బిళ్ళలు పడ్డాయి. సగం ఖాళీ అయిన నొప్పుల తైలం సీసా కూడా దొర్లింది. అది రాసుకున్నాక పైన వేడినీళ్ళ సంచీతో కాపడం పెడతాడనీ, ఇవి చాలక ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది కూడా వేయించుకుంటాడనీ, బిళ్ళలన్నీ పరగడుపున టీతోనే మింగుతాడనీ రెబ్కా ఏ ఒక్కటీ వదలకుండా అప్పజెప్పింది.

"మందులంటే జబ్బుకేసుకునేయి కదండీ డాక్టరమ్మగారూ. ఇయ్యి పనికోసం ఏసుకునేయి" అన్నాడు జక్రయ్య.

డాక్టరుగారు అట్టలు వరసగా పేర్చి, వాటి పక్కన సీసా నిలబెట్టారు.

"పేర్లు వేరు, రంగులు వేరు గానీ ఇవి నాలుగూ ఒకే తల్లి పిల్లలు జక్రయ్యగారూ. ఆ సూది వీటికి పెదనాన్న కొడుకు. మీరు కుటుంబాన్నంతా ఒకేసారి భోజనానికి పిలిచారు. ఈ మందు ఒంట్లో ఎక్కువైతే చెవిలో కూత పెడుతుంది. కడుపులో పుండు పడి రక్తం పోకముందే, కిడ్నీలు దెబ్బతినకముందే కూసింది. అదృష్టం."

"అంటే నా మైకు కూయలేదన్నమాట" అన్నాడు జక్రయ్య.

ఆవిడ కిడ్నీల గురించి చెబుతుంటే ఆయన ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. రెబ్కా డొక్కలో పొడిచింది. విరేచనం నల్లగా, తారులా అవుతోందా అని డాక్టరుగారు అడిగారు. కావడం లేదన్నాక రక్తపరీక్షలు చేయించి, గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడి, ఆ చిన్న బిళ్ళ ఒక్కటి ఉంచారు. దాన్ని సొంతంగా ఆపకూడదన్నారు. మిగతావన్నీ చెత్తబుట్టలో వేయించారు. నొప్పికి వేరే బిళ్ళ రాసి, రోజుకు ఎన్ని రాశానో అన్నే వేసుకోవాలి, అదీ అన్నం తిన్నాక అన్నారు. తైలం మీద కాపడం పెడితే మందు ఇంకా ఎక్కువగా ఒంట్లోకి దిగుతుందని చెప్పారు. కొట్లో ఏ బిళ్ళ కొన్నా అందులో ఏముందో, మీరు వాడే మందుతో పడుతుందో లేదో అడిగి కొనమన్నారు. రెబ్కా కొంగు ముడిలోంచి తన తలనొప్పి బిళ్ళలు తీసి, జ్వరమొస్తే వీటినే సగం చేసి మనవరాలికి వేస్తానంది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచినంత పని చేసి, జ్వరమొచ్చిన పిల్లలకు ఇది చాలా ప్రమాదమని వాటినీ బుట్టలో వేయించారు. ఇప్పుడు జక్రయ్య రెబ్కా డొక్కలో పొడిచాడు.

శుక్రవారానికి కూత సన్నబడింది. శనివారం పొద్దున లేచేసరికి లేదు. కళ్ళాల్లో మిరపకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ కబుర్లు అరుగు మీదికి వినపడ్డాయి. అందులో సగం తన గురించే అయినా ఆయనకు కోపం రాలేదు. కానీ దిగులు పోలేదు. మళ్ళీ వస్తే? కూసేది చెవో మైకో తేల్చుకోలేనివాడు మైకు ముందు ఎలా కూర్చుంటాడు? అందుకే బెన్నీని రావద్దని చెప్పలేదు.

ఆదివారం చర్చిలో బిక్కుబిక్కుమంటూ ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాడు. పాట మంచి ఊపులో ఉండగా సండే స్కూలు టీచరు ఆరాధన ఉత్సాహం ఆపుకోలేక, మైకు చేత్తో పట్టుకుని తిన్నగా బాక్సు ముందుకు వచ్చేసింది. కీ...చ్ మని మోగింది. అయిపోయింది, మళ్ళీ వచ్చిందనుకున్నాడు జక్రయ్య. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మునుపటిలా సెట్టు కట్టేసి నవ్వులపాలు కాకూడదని చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలవంచుకుని కదలకుండా కూర్చున్నాడు. అక్కడ కూత దెబ్బకు పాస్టరుగారు ప్రసంగపీఠం పట్టుకుని ఊగుతున్నారు. చంటిపిల్లలు గుక్కపెట్టారు. ఆడవాళ్ళ వైపు నుంచి రెబ్కా లేచి నిలబడింది.

"ఏవయ్యా, ఈసారి మైకే."

జక్రయ్య తలెత్తి చూశాడు. ముసలీముతకా, పిల్లాజెల్లా, అందరూ రెండు చెవులూ మూసుకుని ఉన్నారు.

"మీక్కూడా వినపడతందా?" అని అడిగాడు, అది ఇంకా కూస్తుండగానే. అందరూ తలూపారు. ఒక్కొక్కరి వైపూ చూసి, అందరికీ వినపడుతోందని నమ్మకం కలిగాక అప్పుడు తాపీగా సౌండు తగ్గించాడు.

ఆరాధన అయ్యేసరికి బెన్నీ బండి గేటు ముందు ఆగి ఉంది. జక్రయ్య నడుము పట్టుకుని ఎదురు పరిగెత్తాడు.

"బండి తిప్పుకుపోరా. నా మైకు కూసింది. చర్చంతా విన్నారు."